తెర మీద ఒక్క కాగితమే ఉండాలి

పోయిన నెల ఈ పేజీలో కరెంటు బిల్లు ఫోనులో కట్టడం గురించి రాశాను. ఈ నెల పింఛను కాగితాలను స్కాన్ చేసి దాచుకోవడం గురించి రాస్తానని మాట ఇచ్చాను. ఆ మాట ఒక నెల వెనక్కి జరుపుతున్నాను, తిట్టుకోకండి. ఈ నెల చెప్పేది చిన్న సంగతే. కంప్యూటరులో రాసేటప్పుడు తెర మీద ఉన్న బొమ్మలు, మీటలు, గంటలు అన్నీ మాయం చేసి, ఖాళీ కాగితం ఒక్కటే కనిపించేలా పెట్టుకోవడం. నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. కానీ అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యానికి నేనేం పోగొట్టుకున్నానో ముందు చెప్పి, తర్వాత మీటల సంగతికి వస్తాను.

మా బాపుకు 80 దాటినయి. పద్దెనిమిదేళ్లప్పుడు కరీంనగర్ వైపు నుంచి బొంబాయి వచ్చి, మిల్లులో బదిలీగా చేరి, తర్వాత పర్మినెంటయి, వీవింగ్ ఖాతాలో రెండు లూములు నడిపిన మనిషి. 1982 జనవరి 18న దత్తా సామంత్ పిలుపుతో సమ్మె మొదలైనప్పుడు రెండున్నర లక్షల మంది కార్మికులు బయటికొచ్చారు కదా, అందులో ఆయనొకడు. ఆ తర్వాత మిల్లు ఆయనను లోపలికి పిలవలేదు. భివండి పోయి పన్నెండు గంటల పాళీల మీద సాంచాలు నడిపి మమ్మల్ని పెంచాడు. ఈ పత్రిక చదివే ఇళ్లలో సగం ఇళ్ల కథ ఇదేనని నాకు తెలుసు. అందుకే వివరంగా చెప్పడం లేదు.

రెండేళ్ల నుంచి బాపుకు మతిమరుపు మొదలైంది. పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు. పాతవి మాత్రం ఉన్నట్టుండి నిన్న జరిగినట్టు చెప్తాడు. డాక్టరు, "ఆయన చెప్పేవి రాసి పెట్టుకోండి, మళ్లీ చదివి వినిపిస్తే ఆయనకూ బాగుంటుంది" అన్నాడు. మా అమ్మాయి కూడా, "నాన్నా, తాత చెప్పేవి రాయి, నేను తర్వాత మరాఠీలో చేసి మా ఫ్రెండ్స్‌కు చూపిస్తా" అంది. సరేనని పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను.

మూడు నెలలు కూర్చున్నాను. మూడు నెలల తర్వాత చూస్తే ఎంత రాశానో తెలుసా? పేజీన్నర. దానికి శీర్షిక మాత్రం నాలుగు రంగుల్లో, మూడు రకాల అక్షరాల్లో తయారైంది.

ఎందుకట్లా అయింది? నేను సోమరిని కాను. ఇరవై ఎనిమిదేళ్లు ఆఫీసులో టైపు చేసి బతికినవాణ్ణి. కానీ తెర తెరవగానే పైన వరసలు వరసలుగా మీటలు. అక్షరం లావు చేసేది, సన్నం చేసేది, రంగు పూసేది, పట్టిక గీసేది. చెయ్యి ఊరుకోదు. ఒక వాక్యం రాయగానే కింద ఎర్రగీత వస్తుంది. తెలుగు మాట కదా, కంప్యూటరుకు తెలియక తప్పంటుంది. దాన్ని సరిచెయ్యబోతాను. ఇంతలో మూలకు ఏదో డబ్బా లేస్తుంది, "అప్‌డేట్ చేయాలా" అని. ఫోనులో చాల్ గ్రూపు మోగుతుంది, నీళ్లు ఎన్నింటికి వస్తాయని ఒకరు, గుడ్ మార్నింగ్ పువ్వు ఒకరు. అవన్నీ చూసి తల తిప్పేసరికి గంట గడిచిపోతుంది.

ఒక ఆదివారం సాయంత్రం బాపు చాయ్ తాగి, గోడకు ఆనుకుని కూర్చుని, తనంతట తానే మొదలుపెట్టాడు. "సమ్మె అయి ఏడెనిమిది నెల్లయింది. ఇంట్ల బియ్యం లెవ్వు. మీ అమ్మ పిండి కలిపి తాపుతున్నది. రాత్రిపూట తలుపు కొట్టిండు. తీసి చూస్తే మన మాలా మీదనే ఉండే కొంకణపాయన. భుజం మీద బస్తా. మా ఊరి బియ్యం అన్నడు, గడపల పెట్టిండు, పోయిండు. పేరేందంటే…"

ఆయన పేరు చెప్పాడు. నేను వినలేదు. ఆ క్షణాన నేను శీర్షికకు నీడ పెట్టాలా వద్దా అని చూస్తున్నాను. "ఒక్క నిమిషం బాపూ, ఆగు" అన్నాను. తల తిప్పి, "ఆఁ, ఏం పేరన్నవ్?" అని అడిగేసరికి ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏం పేరు?" అన్నాడు నన్నే తిరిగి.

"బియ్యం తెచ్చినాయన పేరు బాపూ."

"ఎవలో… మంచోడే" అన్నాడు. అంతే.

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగానో. బియ్యం గుర్తుంది, బస్తా గుర్తుంది, ఆ రాత్రి అమ్మ ఏడ్చింది గుర్తుంది. పేరు మాత్రం రాలేదు. అమ్మను అడుగుదామంటే అమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఆకలి రోజుల్లో మా గడపలో బియ్యం పెట్టి పోయిన మనిషి పేరు, నాకు ఒక్కసారి చేతికందింది. అక్షరాలకు నీడ పెట్టుకుంటూ దాన్ని జారవిడిచాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున మా అమ్మాయితో చెప్తే అది తిట్టలేదు. ల్యాప్‌టాప్ తీసి, మూడు మీటలు కలిపి నొక్కింది. తెర మీదున్నవన్నీ పోయాయి. తెల్ల కాగితం, దాని మీద మినుకుమనే గీత, అంతే. "ఇట్లా పెట్టుకుని రాయి నాన్నా" అంది.

ఇప్పుడు ఆ పని ఎట్లా చెయ్యాలో చెప్తాను. పక్కన కాగితం పెట్టుకుని రాసుకోండి.

ముందు లిబ్రేఆఫీస్ సంగతి. ఇది డబ్బులు పెట్టకుండా దొరికేది, నేను వాడేది ఇదే. అందులో రైటర్ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, జె మూడూ కలిపి నొక్కండి. తెర నిండా కాగితమే వస్తుంది. మీటలతో పడనివాళ్లు పైన వ్యూ మెనూలోకి పోయి ఫుల్ స్క్రీన్ అన్నది నొక్కినా చాలు. బయటికి రావాలంటే మళ్లీ అవే మూడు మీటలు, లేదా ఎడమ పక్క పై మూలనున్న ఎస్కేప్ మీట. ఇంకా పైనా పక్కనా స్కేలు గీతలు కనిపిస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఆర్ నొక్కితే పోతాయి. ఎర్రగీతలు పోవాలంటే షిఫ్ట్ పట్టుకుని ఎఫ్7. ఈ రెండూ మళ్లీ నొక్కితే మళ్లీ వస్తాయి. దేనికీ భయపడక్కరలేదు, మీరు రాసింది ఎక్కడికీ పోదు.

మైక్రోసాఫ్ట్ వర్డ్ ఉన్నవాళ్లకు: కొత్త వర్డ్‌లో వ్యూ అన్న వరసలో ఫోకస్ అనే మీట ఉంటుంది. అది నొక్కితే చుట్టూ నల్లగా అయి మధ్యలో కాగితం ఒక్కటే నిలుస్తుంది. మౌసును తెర పైఅంచుకు తీసుకుపోతే మీటలు మళ్లీ దిగుతాయి, ఎస్కేప్ నొక్కితే మామూలు తెర. మీ వర్డ్ పాతదై ఫోకస్ కనిపించకపోతే, ఆల్ట్ నొక్కి వదిలి, తర్వాత వి, తర్వాత యు ఒకదాని వెంట ఒకటి నొక్కి చూడండి. చాలా పాత వర్డుల్లో కూడా తెర నిండుతుంది. అదీ కుదరకపోతే కంట్రోల్‌తో ఎఫ్1 నొక్కండి, కనీసం పైనున్న మీటల వరస ముడుచుకుంటుంది. ఎర్రగీతలకు ఫైల్‌లో ఆప్షన్స్, అందులో ప్రూఫింగ్‌కు పోయి, టైపు చేస్తుండగానే స్పెల్లింగ్ చూడమనే గడిలో టిక్కు తీసేయండి.

గూగుల్ డాక్స్‌లో రాసే పిల్లలకు: వ్యూ మెనూలో ఫుల్ స్క్రీన్. దాంతోపాటు ఎఫ్11 నొక్కితే బ్రౌజరు పైపట్టీ కూడా దాక్కుంటుంది. మళ్లీ ఎఫ్11 నొక్కితే తిరిగి వస్తుంది.

ఈ ఒక్క పనికే చేసిన ప్రోగ్రాములూ ఉన్నాయి. ఫోకస్‌రైటర్ అని ఒకటి ఉచితంగా దొరుకుతుంది. తెరవగానే తెర నిండుతుంది, మౌసు అంచుకు పోతే తప్ప ఏమీ కనిపించదు. కానీ చేతిలో ఉన్నదే చాలు, కొత్తది వెతుక్కోవడం కూడా ఒక సాకే అని నా అనుభవం. ఏ ప్రోగ్రాము మంచిదని నేనొక వారం వెతికాను, ఆ వారంలో ఒక్క ముక్క రాయలేదు.

తెలుగులో రాసేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఒకటి, తెర నిండినప్పుడు కిందిపట్టీ దాక్కుంటుంది. ఏ భాష కీబోర్డులో ఉన్నామో చెప్పే గుర్తు కనిపించదు. విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది. మొదట ఒక మాట కొట్టి చూసుకుని తర్వాత సాగండి. నేను ఒకసారి తెర చూడకుండా అరపేజీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేశాను. రెండు, మన వత్తులకూ గుణింతాలకూ జాగా కావాలి. అక్షరం 16 సైజు, వరసకూ వరసకూ మధ్య ఒకటిన్నర ఎడం పెట్టండి. ఫాంటు విండోస్‌లో వచ్చే గౌతమి చాలు, ఇష్టమైతే పోతన పెట్టుకోండి. ఇవి మొదటిరోజే ఒక్కసారి పెట్టి వదిలేయండి. రాసేరోజు ఫాంటు ముట్టుకోనని ఒట్టు పెట్టుకోండి. కళ్లు సరిగా కనబడనివాళ్లు అక్షరం సైజు మార్చక్కరలేదు. కంట్రోల్ పట్టుకుని మౌసు చక్రం తిప్పితే కాగితమే పెద్దగా కనిపిస్తుంది.

కాగితం ఒక్కటే ఉన్నా మూల నుంచి డబ్బాలు లేస్తే లాభం లేదు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, నోటిఫికేషన్స్‌కు పోయి డు నాట్ డిస్టర్బ్ వెయ్యండి. విండోస్ 10లో అదే సిస్టమ్‌లో ఫోకస్ అసిస్ట్ అని ఉంటుంది, అందులో అలారమ్స్ ఓన్లీ ఎంచుకోండి. ఇంటర్నెట్ అక్కరలేని రాత అయితే వైఫై కూడా తీసేయండి.

దాచుకోవడం మరచిపోవద్దు. తెర నిండినప్పుడు సేవ్ మీట కనిపించదు గానీ కంట్రోల్, ఎస్ ఎప్పటిలాగే పని చేస్తుంది. పేరా అయిపోయినప్పుడల్లా నొక్కడం చేతికి అలవాటు చెయ్యండి. కరెంటు పోతే పనికొచ్చేలా లిబ్రేఆఫీస్‌లోనూ వర్డ్‌లోనూ పది నిమిషాలకోసారి తనంతట తానే దాచే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఐదుకు తగ్గించుకోవచ్చు. లిబ్రేఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, లోడ్ సేవ్, జనరల్. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్.

ఇంకో సంగతి, గడియారం కూడా దాక్కుంటుంది. ఇది మంచిదే కానీ మన చాల్‌లలో ప్రమాదం. మొదటి వారం నేను రాతలో పడి నీళ్ల టైము దాటించాను. మా ఇంటామె ఖాళీ బిందె నా పక్కన పెట్టి, "నీళ్లు వచ్చి పోయినయ్. మీ తెర మీద ఏం కనిపిస్తలేదు, మీకు బిందె కూడా కనిపిస్తలేదా?" అంది. అప్పటి నుంచి వంటింటి అలారం గడియారం పక్కన పెట్టుకుంటున్నాను. నలభై నిమిషాలు. మోగితే లేవాలి.

కంప్యూటరు లేనివాళ్లు నిరాశ పడకండి. ఫోనులో ఏరోప్లేన్ మోడ్ వేసి, నోట్స్ తెరిచి రాయండి. పని అదే. అసలు పెద్దవాళ్లు చెప్పేటప్పుడు టైపు చెయ్యకపోవడమే మేలు. ఏరోప్లేన్ మోడ్‌లో కూడా రికార్డరు పని చేస్తుంది. వాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటే రికార్డు పెట్టి, వాళ్ల మొహం చూస్తూ వినండి. టైపు చేసుకోవడం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక పేరు మిగిలేది.

మీలో కొందరు అనుకోవచ్చు, ఇదంతా కొత్త ఫ్యాషనా అని. కాదు. మొదట్లో తెరలు ఇట్లాగే ఉండేవి. 1978లో వర్డ్‌స్టార్ అనే ప్రోగ్రాము వచ్చింది. రంగుల మీటలు లేవు, మౌసు లేదు, అన్నీ కంట్రోల్ మీటతోనే. నేను ఆఫీసులో నేర్చుకున్నదీ దాని మీదే. అమెరికా నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ పెద్ద పెద్ద నవలలు ఇప్పటికీ ఆ పాత వర్డ్‌స్టార్ మీదే, ఇంటర్నెట్ లేని పాత కంప్యూటరులో రాస్తానని 2014లో ఒక టీవీ కార్యక్రమంలో చెప్పాడు. అంత పేరున్న మనిషే తెరను ఖాళీగా ఉంచుకుంటే, మనకు తప్పేముంది?

సరే, ఆ తర్వాత ఏమైందో చెప్పి ముగిస్తాను.

వారానికి మూడు రోజులు, నలభై నిమిషాలు. పగలు బాపు చెప్పింది రికార్డు చేసి, రాత్రి ఖోలీలో అందరూ పడుకున్నాక తెర నింపి టైపు చేశాను. 160 చదరపు అడుగుల గదిలో నాకంటూ వేరే గది లేదు. ఆ తెల్ల తెరే నా గది అనుకున్నాను. నాలుగు నెలల్లో ముప్పై నాలుగు పేజీలు అయ్యాయి. మిల్లు భోంగా మోతకు చాల్ అంతా ఎట్లా లేచేదో వచ్చింది. లూముల చప్పుడులో మాట వినబడక పెదవులు చూసి, చేతులు చూసి ఎట్లా మాట్లాడుకునేవారో వచ్చింది. డ్యామేజీ బట్ట పడితే జాబర్ ఏమనేవాడో, జీతంలో ఎంత కోసేవారో వచ్చింది. భివండి నుంచి నెలకోసారి వచ్చి, మమ్మల్ని నిద్రలోనే చూసి తెల్లారేసరికి వెళ్లిపోయిన రాత్రులు కూడా వచ్చాయి. అవి నాకు తెలియవు. నేను నిద్రపోతున్నాను కదా.

ఒకరోజు బాపు నా వెనక నిలబడి తెర చూశాడు. ఆయనకు చదువు రాదు. ఇంతకు ముందు అదే తెర చూసి, "ఇన్ని మీటలేందిరా, జాబర్ బల్ల లెక్క" అనేవాడు. ఆ రోజు కాసేపు చూసి, "అప్పుడు సాంచా మొత్తం కనవడేది. ఇప్పుడు బట్టొక్కటే కనవడుతున్నది" అన్నాడు.

నేనడిగాను, "బాపూ, రెండు లూములు ఒక్కడివే ఎట్ల చూసెటోనివి?"

"లూము చూడొద్దు బిడ్డా. పోగు చూడాలె. లూము చూసుకుంట నిలబడితే పోగు తెగింది కనవడదు. తెగినంక ఎంత నేసినా అది డ్యామేజే."

ఆ మాట టైపు చేసి అలారం మోగకముందే ఆపేశాను. ఆ రోజుకు అది చాలు.

తెర ఖాళీ చేసినంత మాత్రాన మనసు ఖాళీ కాదు, నాకు తెలుసు. అప్పుడప్పుడు ఆ తెల్ల తెర ముందు కూర్చుని కూడా ఊరికే చూస్తుంటాను. కానీ చెయ్యి పోవడానికి ఇంకో చోటు ఉండదు కాబట్టి, కాసేపటికి మళ్లీ రాతలోకే వస్తాను. నాకు దొరికిన మేలు అంతే.

ముప్పై నాలుగు పేజీల్లో పదకొండో పేజీలో బియ్యం బస్తా సంగతి ఉంది. పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టాను. మా అమ్మాయి, "ఏదో ఒక పేరు పెట్టొచ్చు కదా నాన్నా, కథకు బాగుంటుంది" అంది. పెట్టలేదు. తిన్నది ఒకరి బియ్యం, రాసేది ఇంకొకరి పేరా?

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఈ పత్రిక మన ఇళ్ల నుంచి పక్కింటి మరాఠీవాళ్ల ఇళ్లకు కూడా పోతుందని, పిల్లలు చదివి వినిపిస్తారని తెలుసు. 1982 వానాకాలం దాటాక, వర్లీ చాల్‌లో, ఒక తెలుగు సాళె ఇంటి గడపలో రాత్రిపూట బియ్యం బస్తా పెట్టి వచ్చానని మీ ఇంట్లో ఏ పెద్దాయనైనా చెప్పి ఉంటే, లేక కొంకణ్ బియ్యం పంచుకున్న సంగతి మీరు విని ఉంటే, పత్రిక ఆఫీసుకు ఒక కార్డు రాయండి. ఆయన ఉంటే బాపును తీసుకుని వస్తాను. లేకపోతే వాళ్ల పిల్లలకు దండం పెట్టి వస్తాను. చుక్కలున్న చోట పేరు రాయాలి. బాపుకు ఇంకా బియ్యం గుర్తున్నప్పుడే రాయాలి.

ఈ నెల మీ పని ఇది. తెర నింపండి, గంటలు ఆపండి, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నలభై నిమిషాలు కూర్చోండి. ఒక్క పేజీ చాలు. ముందు పేర్లు అడగండి. ఊరి పేరు, ఖాతా పేరు, పక్కన పని చేసినవాళ్ల పేరు. మిగతా కథ ఎట్లాగైనా వస్తుంది, పేర్లే ముందు పోతాయి.

వచ్చే నెల తప్పకుండా పింఛను కాగితాల స్కానింగు. ఈసారి వాయిదా లేదు.